సంచార విస్తరణ వాహనంలో సౌర ఫ్రిజ్ – బ్యాటరీ ఆయుష్షు: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల పరిస్థితులకు అన్వయం

ఉపోద్ఘాతం

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో యాసంగి వేరుశనగ ప్రధానమైన పంట. విత్తే కాలం దగ్గరపడగానే విత్తనశుద్ధికి రైజోబియం, ట్రైకోడెర్మా కల్చర్లను గ్రామాలకు చేర్చవలసి వస్తుంది. ఈ జిల్లాలలోనే గొర్రెల పెంపకం కూడా విస్తారంగా ఉన్నది. వానలకు ముందు మందలకు టీకాలు వేయించడానికి పశువైద్య సిబ్బందితో కలిసి విస్తరణ శిబిరాలు నిర్వహించడం పరిపాటి. కల్చర్‌కైనా, టీకాకైనా ప్రధాన శత్రువు వేడి.

వేడికి చెడిన కల్చర్‌ను కంటితో గుర్తించలేము. ప్యాకెట్టు అదే రంగులో, అదే వాసనతో ఉంటుంది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం గ్రాము పొడి రూపపు రైజోబియంలో కనీసం 5 కోట్లు, మిల్లీలీటరు ద్రవరూప రైజోబియంలో కనీసం 10 కోట్లు సజీవ కణాలు ఉండాలి. ఏప్రిల్, మే నెలల ఎండలో తలుపులు మూసిన వాహనంలో కొన్ని గంటలు గడిపిన ప్యాకెట్టులో ఆ సంఖ్య ఎంత మిగిలిందో రైతుకు తెలియదు, ఇచ్చిన వారికీ తెలియదు. విత్తిన నెల రోజులకు మొక్కను పీకి చూసినప్పుడు వేరు బుడిపెలు కనిపించకపోతే రైతు నిందించేది వేడిని కాదు, సిఫారసును. పీపీఆర్ టీకా విషయమూ ఇంతే. 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచని టీకా మందను కాపాడదు.

అందువల్ల సంచార వాహనంలో చిన్న ఫ్రిజ్‌ను అమర్చి, పైకప్పు మీది సౌర ఫలకలతో నడిపే ఆలోచన సహజమైనది. అమ్రాబాద్ పదర మీది మారుమూల చెంచు పెంటలకు వెళ్లి, రాత్రి అక్కడే బస చేసే బృందానికి ఇది దాదాపు అనివార్యం. ఇటువంటి ఏర్పాటులో ఫలకలు ఏళ్ల తరబడి పనిచేస్తాయి, కంప్రెసర్ కూడా మన్నుతుంది. ముందుగా చేతులెత్తేసేది బ్యాటరీ. దాని ఆయుష్షును ఏయే అంశాలు నిర్ణయిస్తాయో, ఈ మూడు జిల్లాల వాతావరణంలో వాటిలో ఏది ముఖ్యమైనదో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

ఇటువంటి చిన్న ఫ్రిజ్‌లు, బ్యాటరీలు విదేశాలలో క్యాంపర్ వ్యాన్‌లలో, అనగా ప్రయాణిస్తూ అందులోనే నివసించే విహార వాహనాలలో, విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. వాటి గురించి లభించే సమాచారంలో అధికభాగం చల్లని దేశాల అనుభవం నుండి వచ్చినది. బ్యాటరీ పెట్టె మీద ముద్రించిన ఆయుష్షు సైతం సాధారణంగా 25 డిగ్రీల వద్ద లెక్కించినదే. పాలమూరు వేసవిలో ఆ అంకెను యథాతథంగా నమ్మితే లెక్క తప్పుతుంది.

ఫ్రిజ్ వాడకం ఎంత?

బ్యాటరీని ఎంచుకొనే ముందు ఫ్రిజ్ రోజుకు ఎంత విద్యుత్తు తీసుకుంటుందో తేల్చుకోవాలి. ఉదాహరణకు 50 లీటర్ల సామర్థ్యం గల 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌ను తీసుకుందాం. కంప్రెసర్ నడుస్తున్నప్పుడు అది సుమారు 50 వాట్లు తీసుకుంటుందని అనుకుందాం. కంప్రెసర్ నిరంతరం నడవదు. లోపలి చల్లదనం తగ్గినప్పుడు మొదలై, సరిపోగానే ఆగుతుంది. మొత్తం కాలంలో అది నడిచే భాగాన్ని ఇక్కడ 'పరుగు శాతం' అని వ్యవహరిస్తున్నాము. పరిసరాలు వేడెక్కినకొద్దీ పరుగు శాతం పెరుగుతుంది.

వాహనాన్ని నీడలో నిలిపి, గాలి ఆడేటట్లు ఉంచినప్పుడు మే నెలలో పగటి 9 గంటలలో పరుగు 72 శాతం, మిగిలిన 15 గంటలలో 45 శాతం ఉంటుందని అనుకుందాం. పగటి వాడకం 324 వాట్-గంటలు, రాత్రి వాడకం దాదాపు 340 వాట్-గంటలు, మొత్తం సుమారు 660 వాట్-గంటలు అవుతుంది. గాలి కోసం అమర్చే చిన్న ఫ్యాను వాడకాన్ని కలిపితే రోజుకు 700 వాట్-గంటలు. ఆగస్టులో వాతావరణం చల్లబడి పరుగు సగటున 40 శాతానికి దిగితే 480 వాట్-గంటలతో సరిపోతుంది. అదే మే నెలలో వాహనాన్ని ఎండలో తలుపులు మూసి నిలిపితే కంప్రెసర్‌కు విరామమే దొరకదు. రోజంతా నడిచే కంప్రెసర్ 1,200 వాట్-గంటలు తింటుంది. ఒకే ఫ్రిజ్ వాడకంలో ఇంతటి తేడా రావడానికి కారణం యంత్రం కాదు, వాహనాన్ని నిలిపిన చోటు.

లోపల ఉంచే వస్తువుల వేడిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 40 డిగ్రీల వద్ద ఉన్న 10 లీటర్ల నీటిని 5 డిగ్రీలకు చల్లబరచడానికి సుమారు 400 వాట్-గంటల వేడిని తొలగించాలి. ఒక వాట్-గంట విద్యుత్తుతో ఫ్రిజ్ ఒకటిన్నర వాట్-గంటల వేడిని తోడుతుందని అనుకుంటే, ఇందుకు 270 వాట్-గంటల విద్యుత్తు ఖర్చవుతుంది. ఇది ఒక రాత్రి వాడకంలో దాదాపు 80 శాతం. బృందం తాగునీటి సీసాలను టీకాల ఫ్రిజ్‌లో పెట్టకూడదన్న నియమం క్రమశిక్షణ కోసం మాత్రమే కాదు, బ్యాటరీ కోసం కూడా.

ఆయుష్షును తినే మూడు కారణాలు

మొదటిది వాడక లోతు. నిండిన బ్యాటరీలో ఎంత శాతం ఖాళీ చేసి మళ్లీ నింపుతున్నామో అదే వాడక లోతు. ఇలా ఒకసారి ఖాళీ చేసి నింపడాన్ని ఒక ఆవృత్తి అంటారు. సౌర ఫ్రిజ్‌లో రోజుకు ఒక ఆవృత్తి చొప్పున ఏడాదికి 365 పూర్తవుతాయి. గొట్టపు ఫలకల లెడ్ యాసిడ్ బ్యాటరీ, అనగా ట్యూబులర్ బ్యాటరీ, 80 శాతం లోతు వద్ద సుమారు 1,500 ఆవృత్తులు, 20 శాతం లోతు వద్ద సుమారు 5,000 ఆవృత్తులు ఇస్తుందని తయారీదారుల పట్టికలు సాధారణంగా సూచిస్తాయి. మొదటిది సుమారు నాలుగేళ్లకు, రెండవది 13 ఏళ్లకు పైగా కాలానికి సమానం.

రెండవది ఉష్ణోగ్రత. లెడ్ యాసిడ్ బ్యాటరీ విషయంలో 25 డిగ్రీలకు మించిన ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు సగమవుతుందన్నది అంగీకృతమైన స్థూల సూత్రం. వేడి వల్ల ధన ఫలకలోని సీసపు జాలకం వేగంగా తుప్పు పడుతుంది, ద్రావణంలోని నీరు హరిస్తుంది. 25 డిగ్రీల వద్ద 8 ఏళ్లు మన్నవలసిన బ్యాటరీ సగటున 35 డిగ్రీల వద్ద ఉంటే నాలుగేళ్లకు, 45 డిగ్రీల వద్ద ఉంటే రెండేళ్లకు ముగుస్తుంది. వాడినా వాడకపోయినా ఈ తుప్పు ఆగదు.

ఈ రెండు కారణాలను కలిపి చూచినప్పుడే అసలు విషయం బోధపడుతుంది. వాడక లోతును 80 నుండి 30 శాతానికి తగ్గిస్తే ఎంతో లాభం ఉన్నది. 30 నుండి 15కు తగ్గించినందువల్ల కాగితం మీది ఆవృత్తులు పెరుగుతాయే గాని, అవి పూర్తయ్యేలోపే వేడి బ్యాటరీని ముగిస్తుంది. అందువల్ల ఒక హద్దు దాటిన తరువాత పెద్ద బ్యాటరీ కోసం వెచ్చించే ధనం కన్నా, ఉన్న బ్యాటరీకి నీడను, గాలిని కల్పించడానికి వెచ్చించే ధనం ఎక్కువ ఫలితాన్నిస్తుంది.

మూడవది అసంపూర్ణ ఛార్జి. వానాకాలంలో రోజుల తరబడి మబ్బు పట్టి ఉన్నప్పుడు బ్యాటరీ ఏ రోజూ పూర్తిగా నిండదు. సగం నిండిన స్థితిలో వారాల తరబడి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ఫలకల మీద సీసపు సల్ఫేటు స్ఫటికాలు గట్టిపడతాయి. తరువాత పూర్తిగా ఛార్జి చేసినా అవి కరగవు. ఆ మేరకు సామర్థ్యం శాశ్వతంగా పోతుంది. ఈ జిల్లాలలో వేసవి బ్యాటరీని వేడితో దెబ్బతీస్తే, జూలై, ఆగస్టు నెలలు దానిని ఆకలితో దెబ్బతీస్తాయి. వానాకాలపు నష్టం వెంటనే కనిపించదు. మరుసటి వేసవిలో రాత్రివేళ ఫ్రిజ్ ఆగిపోయినప్పుడు గాని బయటపడదు. అప్పుడు నింద సాధారణంగా బ్యాటరీ నాణ్యత మీదికి పోతుంది.

ఫలకల పరిమాణం, బ్యాటరీ పరిమాణం

200 వాట్ల ఫలక స్వచ్ఛమైన ఎండ ఉన్న రోజున 5 గంటల పూర్తి ఎండకు సమానమైన శక్తిని గ్రహిస్తుందని అనుకుందాం. వేడి, దుమ్ము, బల్లపరుపుగా అమర్చడం, కంట్రోలర్, బ్యాటరీ నష్టాలను పరిగణించి 0.7తో గుణిస్తే 700 వాట్-గంటలు చేతికి వస్తాయి. ఫలక ఉష్ణోగ్రత 25 డిగ్రీలకు మించిన ప్రతి డిగ్రీకి దాని ఉత్పత్తి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. 65 డిగ్రీలకు వేడెక్కిన ఫలక ఈ ఒక్క కారణంగానే 16 శాతం కోల్పోతుంది. కనుక 0.7 అన్నది పిసినారి లెక్క కాదు.

200 వాట్ల ఫలక మే నెల అవసరాన్ని సరిగ్గా తీరుస్తుంది. కాని మబ్బు పట్టిన ఆగస్టు రోజున 3 గంటల ఎండతో 420 వాట్-గంటలే ఇస్తుంది. అవసరం 480. రోజుకు 60 వాట్-గంటల లోటు స్వల్పంగా తోచినా, పది రోజులకు 600 అవుతుంది. పైన చెప్పిన ఆకలి ఇదే. 300 వాట్ల ఫలకలైతే అదే రోజున 630 వాట్-గంటలు వస్తాయి, బ్యాటరీ నిండుతుంది. మన ప్రాంతంలో ఫలకల పరిమాణాన్ని నిర్ణయించవలసినది మే నెల ఎండ కాదు, ఆగస్టు మబ్బు.

ఇక బ్యాటరీ. మే నెలలో రాత్రి వాడకం 340, ఎండ పూర్తిగా లోపించిన ఒక రోజు వాడకం 700 వాట్-గంటలుగా తీసుకొని మూడు బ్యాటరీలను పోల్చవచ్చు.

| బ్యాటరీ | మొత్తం శక్తి (వాట్-గంటలు) | ఒక రాత్రి వాడక లోతు | ఎండ లేని ఒక రోజు వాడక లోతు |
|---|---|---|---|
| లెడ్ యాసిడ్, 75 ఆంపియర్-గంటలు | 900 | 38 శాతం | 78 శాతం |
| లెడ్ యాసిడ్, 150 ఆంపియర్-గంటలు | 1,800 | 19 శాతం | 39 శాతం |
| లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 100 ఆంపియర్-గంటలు | 1,280 | 27 శాతం | 55 శాతం |

లెడ్ యాసిడ్ బ్యాటరీని 50 శాతానికి మించి, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని 80 శాతానికి మించి ఖాళీ చేయకపోవడం మంచిది. ఈ ప్రమాణం ప్రకారం చివరి రెండూ ఆమోదయోగ్యమైనవి. మొదటిది ఎండ కాచినన్నాళ్లు పనిచేసి, తొలి ముసురులో దెబ్బతింటుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ బరువు తక్కువ. 80 శాతం లోతు వద్ద సైతం 2,000కు పైగా ఆవృత్తులు ఇవ్వగలదు. సగం నిండిన స్థితిలో ఉంటే దానికి హాని లేదు కనుక వానాకాలపు ఆకలిని తట్టుకుంటుంది. వేడి మాత్రం దానికీ గిట్టదు. పూర్తిగా నిండిన స్థితిలో ఎండలో నిలిపి ఉంచితే త్వరగా ముసలిదవుతుంది. కనుక వాహనం నెలల తరబడి షెడ్డులో ఉండవలసి వచ్చినప్పుడు లెడ్ యాసిడ్ బ్యాటరీని పూర్తిగా నింపి, లిథియం బ్యాటరీని దాదాపు సగం నింపి ఉంచాలి. ఒకదాని నియమాన్ని మరొకదానికి అన్వయిస్తే రెండింటికీ నష్టమే.

వాహనపు ఇంజనును స్టార్టు చేసే బ్యాటరీని ఫ్రిజ్‌కు వాడకూడదు. కొద్ది క్షణాలు అధిక ప్రవాహం ఇవ్వడానికి తయారైన దాని పలుచని ఫలకలు, రోజూ లోతుగా ఖాళీ చేస్తే కొద్ది నెలలలోనే పాడవుతాయి.

చల్లదనాన్నే నిల్వ చేయడం

బ్యాటరీ మీద భారం తగ్గించే మరొక మార్గం విద్యుత్తుకు బదులు చల్లదనాన్ని నిల్వ చేయడం. ప్రపంచ టీకా కార్యక్రమాలు ఈ పాఠాన్ని కష్టపడి నేర్చుకున్నాయి. విద్యుత్తు లేని ఆరోగ్య కేంద్రాలలో తొలుత నెలకొల్పిన సౌర ఫ్రిజ్‌లు బ్యాటరీల మీద ఆధారపడ్డాయి. బ్యాటరీ పోయి, కొత్తది రాక, ఎన్నో ఫ్రిజ్‌లు మూలబడ్డాయి. ఆ అనుభవం నుండే ఫలకలతో కంప్రెసర్‌ను నేరుగా నడిపి, పగలు తయారైన మంచుతో రాత్రి గడిపే ఫ్రిజ్‌లు రూపొందాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ తదితర సంస్థల భాగస్వామ్యంతో 2001లో మొదలైన సోలార్‌చిల్ పథకం ఈ దిశలో జరిగిన కృషిలో పేర్కొనదగినది.

ఒక కిలో మంచు కరగడానికి సుమారు 93 వాట్-గంటల వేడిని గ్రహిస్తుంది. 5 కిలోల మంచు గ్రహించే వేడి ఫ్రిజ్ వాడే 310 వాట్-గంటల విద్యుత్తుకు సాటి. అంటే దాదాపు ఒక రాత్రి వాడకం. అయితే ఈ మంచును వాహనంలోని చిన్న ఫ్రిజ్‌తోనే పగలు తయారు చేయవచ్చునా అన్న ప్రశ్న వేసుకోవాలి. మే నెల పగటి 9 గంటలలో కంప్రెసర్ గరిష్ఠంగా 450 వాట్-గంటలు వాడగలదు. అందులో 324 మామూలు అవసరానికే పోతాయి. మిగిలిన 126తో 2 కిలోల మంచు మాత్రమే తయారవుతుంది. ఫలకలు ఎన్ని పెంచినా కంప్రెసర్‌కు తీరిక లేదు.

కాబట్టి ఆచరణీయమైన పద్ధతి వేరు. బయలుదేరే ముందు రాత్రి కార్యాలయంలోని విద్యుత్తుతో నీటి ప్యాకులను గడ్డకట్టించి, కల్చర్లను, టీకాలను నిల్వ ఉష్ణోగ్రతకు తెచ్చి, ఫ్రిజ్‌ను కూడా ముందుగానే చల్లబరచి ఎక్కించాలి. పాలెం, మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రాల వంటి చోట్ల నుండి బయలుదేరే బృందాలకు ఇది అదనపు ఖర్చు లేని పని. తొలి రాత్రి బ్యాటరీ దాదాపు విశ్రాంతిగా ఉంటుంది.

ఇందులో ఒక జాగ్రత్త అవసరం. గొంతువాపు, జబ్బవాపు, గాలికుంటు టీకాల వంటి సహాయక ద్రవ్యం కలిపిన టీకాలు గడ్డకడితే పనికిరావు. గడ్డకట్టిన ప్యాకులు సీసాలకు నేరుగా తగలకుండా మధ్యన అట్ట లేదా థర్మోకోల్ అడ్డు ఉంచి, లోపల ఉష్ణమాపకం అమర్చాలి. కల్చర్ ప్యాకెట్లను సైతం గడ్డకట్టనీయరాదు.

అమరికలో, నిర్వహణలో పాటించవలసినవి

బ్యాటరీ స్థానం: ఇంజను పక్కన, పైకప్పు కింద, ఎండ తగిలే పక్క గోడకు ఆనించి ఉంచరాదు. నేలకు దగ్గరగా, రెండు వైపులా గాలి రంధ్రాలు గల పెట్టెలో ఉంచాలి. ద్రవపు లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జి సమయంలో హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది. మనుషులు కూర్చునే, పడుకునే గదితో సంబంధం లేకుండా ఆ పెట్టె గాలి బయటకు పోవాలి. గతుకుల దారులలో ఆమ్లం చిందే ప్రమాదం ఉన్నందున వాహనాలకు జెల్ రకం లేదా లిథియం బ్యాటరీ అనుకూలం.

ఛార్జి వోల్టేజి: 25 డిగ్రీల వద్ద లెడ్ యాసిడ్‌కు తగిన 14.4 వోల్టులు 40 డిగ్రీల వద్ద ఎక్కువవుతాయి. అప్పుడు 14.1 వోల్టుల దరిదాపులకు తగ్గించవలసి ఉంటుంది. ఉష్ణోగ్రతను గ్రహించే సెన్సార్ గల ఛార్జ్ కంట్రోలర్ ఈ పని తానే చేస్తుంది. సెన్సార్‌ను బ్యాటరీకే అతికించాలి. లిథియం బ్యాటరీకి ఈ సవరణ అవసరం లేదు. ఆ సదుపాయాన్ని ఆపివేయాలి.

విద్యుత్తు నిలిపివేసే హద్దు: కొన్ని 12 వోల్టుల కంప్రెసర్లు కర్మాగారపు అమరిక ప్రకారం 10.4 వోల్టుల వరకు నడుస్తాయి. ఆ స్థితికి చేరేసరికి లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయినట్లే. ఈ హద్దును పైకి జరపడం కొనుగోలు చేసిన మొదటి రోజే చేయవలసిన పని. భారం లేకుండా విశ్రాంతిలో ఉన్న బ్యాటరీ 12.7 వోల్టులు చూపితే నిండుగా, 12.2 చూపితే సగం ఉన్నట్లు గ్రహించాలి.

వానాకాలపు పూర్తి ఛార్జి: జూన్ నుండి అక్టోబరు వరకు లెడ్ యాసిడ్ బ్యాటరీని కనీసం పదిహేను రోజులకు ఒకసారి కార్యాలయంలోని ఛార్జరుతో పూర్తిగా నింపాలి. ద్రవపు బ్యాటరీ అయితే నెలకు ఒకసారి నీటి మట్టం చూచి, శుద్ధజలం మాత్రమే పోయాలి.

నమోదు పుస్తకం: సాయంత్రం, తెల్లవారుజామున బ్యాటరీ వోల్టేజి, బ్యాటరీ పెట్టె ఉష్ణోగ్రత, ఫ్రిజ్ లోపలి ఉష్ణోగ్రత నమోదు చేయాలి. ఒకే నెలలో, ఒకే రకపు వాడకంలో తెల్లవారుజామున వోల్టేజి నిరుటి కంటే తక్కువగా ఉంటే సామర్థ్యం తగ్గుతున్నట్లు అర్థం. తొలి సామర్థ్యంలో 80 శాతానికి దిగిన బ్యాటరీని టీకాల పనికి నమ్మకూడదు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాత బ్యాటరీని అధీకృత సేకరణదారుకు అప్పగించాలి గాని మామూలు పాతసామాను వ్యాపారికి ఇవ్వరాదు.

విద్యార్థులకు సూచన

పై లెక్కలలోని పరుగు శాతాలు ఉదాహరణకు తీసుకొన్నవి. ప్రతి వాహనానికి అవి మారుతాయి. ఒకే ఫ్రిజ్‌ను వేపచెట్టు నీడలో, ఎండలో, తెల్ల రంగు వేసిన పైకప్పు కింద మూడు రోజులు నడిపి వాట్-గంటల మీటరుతో కొలవడం చిన్న పరిశోధనాంశంగా చేపట్టవచ్చు. ప్రయాణానికి ముందూ వెనుకా కల్చర్ నమూనాలలో సజీవ కణాల సంఖ్యను లెక్కించి ఆ ఫలితాలతో జోడిస్తే విస్తరణ సిబ్బందికి నేరుగా ఉపయోగపడే సమాచారం లభిస్తుంది.

ముగింపు

సౌర ఫ్రిజ్ బ్యాటరీ ఎన్నేళ్లు మన్నుతుందన్న ప్రశ్నకు పెట్టె మీది అంకెలో సమాధానం దొరకదు. ఎండ లేని రోజున సైతం సగానికి మించి ఖాళీ కాని లెడ్ యాసిడ్ బ్యాటరీ, లేదా తగిన లిథియం బ్యాటరీ ఎంచుకోవడం మొదటి మెట్టు. ఆగస్టు మబ్బును బట్టి ఫలకలను నిర్ణయించడం రెండవది. ఆ తరువాత మిగిలినదంతా వేడితో పోరాటమే. వాహనాన్ని నీడలో నిలపడం, బ్యాటరీ పెట్టెకు గాలి ఆడనివ్వడం, చల్లబరచిన వస్తువులనే ఎక్కించడం అనే మూడు అలవాట్లకు పైసా ఖర్చు లేదు. బ్యాటరీకి ఒకటి రెండేళ్ల ఆయుష్షును కలిపేవి ఇవే. రైతు చేతికి సజీవమైన కల్చర్‌ను అందించేవి కూడా ఇవే.